సన్యాసి ఒకరికే ఎందుకొచ్చాడు? చచ్చిన క్యారెక్టర్‌ని తిరిగి తేవడం గురించి మీ సలహా కావాలి

గౌతమిపాయ | ఆదివారం, రాత్రి 11:10

నమస్కారమండి. ఇవాళ మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే బల్ల ఆట) సెషన్‌లో ఒక క్యారెక్టర్ చచ్చిపోయింది. డీఎం నేనే, అంటే కథ నడిపించి రాక్షసులని ఆడించేవాణ్ణి. నిద్ర పట్టక రాస్తున్నాను.

అమలాపురంలో మా మేడ మీద గదిలో ఆడతాం. ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే సాయంత్రం ఆరింటి దాకా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్సు. నలుగురు ప్లేయర్లు, అందరిదీ ఐదో లెవెల్. అందరిలోకీ చిన్నవాడు పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నాడు, వాడిది క్లెరిక్, అంటే మంత్రాలు వేసే పూజారి. ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవుకొచ్చి, పంటెక్కి ముక్తేశ్వరంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వస్తాడు. ఒక్క ఆదివారం మానలేదు.

పాడుబడ్డ గుడి కింద ఘౌల్స్‌తో (శవాలు పీక్కుతినే పిశాచాలు) పోరాటం జరుగుతోంది. ఘౌల్ గోళ్ళు తగిలి పాలడిన్ (దైవబలం ఉన్న యోధుడు) కొయ్యబారిపోయాడు. ఫైటర్, రోగ్ అవతలి గదిలో ఇరుక్కున్నారు. క్లెరిక్ ప్రాణం పాయింట్లు సున్నా అయి స్పృహ తప్పి పడ్డాడు. అలా పడ్డవాడు తన ప్రతి టర్న్‌లోనూ డెత్ సేవ్ అనే పాచిక వెయ్యాలి, 10 కన్నా తక్కువ పడితే ఫెయిల్యూర్, మూడైతే చావు. వాడి టర్న్‌లో పాచిక వేస్తే 7. ఒక ఫెయిల్యూర్. తర్వాత టర్న్ ఘౌల్‌ది. పీక్కుతినే జంతువు, కాళ్ళ దగ్గర పడున్నవాణ్ణి వదిలి కత్తి పట్టుకున్నవాడి కోసం వెతుక్కుంటూ ఎందుకెళ్తుంది అనుకుని కొరికించాను. తగిలింది. స్పృహ లేనివాడికి ఐదడుగుల లోపలి నుంచి దెబ్బ తగిలితే క్రిటికల్, అంటే ఒకేసారి రెండు ఫెయిల్యూర్లు. మొత్తం మూడు.

వాడు ఏమీ అనలేదు. షీట్ మీద డెత్ సేవ్స్‌కి చిన్న గుండ్రాలుంటాయి కదా, ఆ మూడూ పెన్సిల్‌తో నింపాడు, నెమ్మదిగా, గీత దాటకుండా. పెన్సిల్ పక్కన పెట్టి ఫోన్ తీశాడు. అప్పటికి టైము మూడున్నర. ఆరింటి దాకా అలాగే కూర్చున్నాడు.

చిక్కేంటంటే, అప్పుడే చచ్చినవాణ్ణి లేపే రివివిఫై మంత్రం పార్టీలో వాడికొక్కడికే ఉంది. 300 బంగారు నాణేల వజ్రం కూడా వాడి సంచిలోనే. చచ్చిన నిమిషం లోపల వెయ్యాలి. వేసేవాడే పోయాడు.

అసలు చిక్కు వేరే. మూడు నెలల క్రితం మా ఫైటర్ చచ్చాడు. ఆ ప్లేయర్ నా చిన్నప్పటి స్నేహితుడు. నాకు మనసొప్పక, దారిన పోయే సన్యాసి ఒకణ్ణి తెచ్చి, కమండలంలో నీళ్ళు చల్లించి లేపేశాను. పైసా ఖర్చు లేదు. ఇవాళ ఈ పిల్లాడు మెట్ల మీద చెప్పులేసుకుంటూ, "అన్నా, ఆ అన్నయ్యకి సన్యాసి వచ్చాడు కదా, నాకెవరూ రాలేదేంటి?" అన్నాడు. కోపంగా కూడా కాదు. అందుకే నాకు బాగా తగిలింది.

ఏం చెయ్యమంటారు?

ఇరవైముఖాలు | ఆదివారం, రాత్రి 11:48

రూల్ ప్రకారం మీరు చేసినదాంట్లో తప్పు లేదండి. లెక్క సరిగ్గా ఉంది. కానీ ఒకటి అడుగుతాను. ఆ ఘౌల్ కింద పడ్డవాళ్ళని తింటుందని వాళ్ళకి ముందు తెలుసా? అంతకుముందు గదిలో సగం తిన్న శవమో, ఇంకేదైనా గుర్తో చూపించారా? పోనీ కొరికే ముందు "ఇది ఇప్పుడు వంగుతోంది, వాసన చూస్తోంది" అని ఒక రౌండ్ ముందు చెప్పారా? మూడు నెలల పాటు మీ రాక్షసులు నిలబడ్డవాళ్ళతోనే పోరాడి, ఈ ఒక్కరోజు పడ్డవాణ్ణి కొరికితే, ప్లేయర్ దృష్టిలో రూల్ మారినట్టే.

గౌతమిపాయ | ఆదివారం, రాత్రి 11:55

చూపించలేదండి. ఇంతవరకూ ఎప్పుడూ పడ్డవాళ్ళ మీద దాడి చేయించలేదు. మీరన్నది నిజం.

లంకగట్టు | సోమవారం, ఉదయం 6:20

నేను పాత రోజుల మనిషిని. నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

చచ్చినవాణ్ణి చచ్చినట్టు ఉండనివ్వండి. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్సులో తిరిగి లేవడానికి కూడా పాచిక వెయ్యాలి. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం చెప్పే అంకె) 10 ఉన్నవాడు లేచే అవకాశం నూటికి 75. లేవకపోతే ఇక అంతే. లేచినా కాన్‌స్టిట్యూషన్ శాశ్వతంగా ఒకటి తగ్గిపోతుంది. ఎల్ఫ్‌లకైతే చచ్చినవాళ్ళని లేపే రెయిజ్ డెడ్ మంత్రం పనే చెయ్యదు. 2000లో మూడో ఎడిషన్ వచ్చాక కూడా లేచినవాడు ఒక లెవెల్ పోగొట్టుకునేవాడు. అందుకే తలుపు తియ్యబోయే ముందు చెవి ఆనించి వినేవాళ్ళం. పదడుగుల కర్రతో నేల పొడిచి చూసేవాళ్ళం. చావు భయం లేకపోతే జాగ్రత్త ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ తప్పు ఈ క్లెరిక్‌ని చంపడం కాదు, ఆ ఫైటర్‌ని లేపడం.

కొబ్బరాకు | సోమవారం, ఉదయం 8:05

లంకగట్టు గారూ, ఆ రోజుల్లో క్యారెక్టర్ తయారవడానికి పది నిమిషాలు పట్టేది. ఆరు అంకెలు, ఒక క్లాసు, కాస్త డబ్బు, అంతే. ఇప్పటి పిల్లలు సెషన్‌కి ముందే నెల రోజులు కూర్చుని ఊరు, అమ్మానాన్న, దేవుడు, పగ అన్నీ రాసుకుంటున్నారు. పోయేది పది నిమిషాల పని కాదండి. రెండిటికీ ఒకే కొలత పెట్టకూడదు.

పంటురేవు | సోమవారం, ఉదయం 9:30

మీరంతా చావు గురించి మాట్లాడుతున్నారు. నన్ను పట్టుకున్నది ఆ రెండున్నర గంటలు.

గోదారి దాటి వచ్చిన కుర్రాడు మూడున్నర నుంచి ఆరింటి దాకా ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం. క్యారెక్టర్ చస్తే ప్లేయర్ చచ్చినట్టు కాదు కదండీ. అష్టాచెమ్మాలో కాయని చంపితే మళ్ళీ ఇంట్లోంచి మొదలుపెడతాం, మనిషిని చాప మీంచి లేచిపొమ్మనం. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినా కిందికి జారతాం, ఆట మాత్రం ఆగదు. మన పిల్లలకి తెలిసిన ఆటలన్నిటిలోనూ ఓడినవాడికి తర్వాతి పందెం ఉంటుంది. మీ బల్ల దగ్గర వాడికి అది లేకుండా పోయింది.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఎవరి క్యారెక్టర్ పోయినా అదే నిమిషంలో వాళ్ళ చేతికి ఇంకొకటి ఇచ్చేస్తాం: పడవవాడు, జైల్లో ఉన్న దొంగ, కూలికొచ్చిన కావలివాడు. ఎప్పుడూ రెండు కార్డులు రాసి డీఎం సంచిలో పెట్టుకుంటాం. ఏ పాత్రా ఇవ్వడానికి వీలు కాకపోతే రాక్షసుల పాచికలు వాళ్ళ చేతికే ఇస్తాం. మా చెల్లెలు తన క్యారెక్టర్‌ని చంపిన ఓగర్‌ని తనే ఆడి మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఆ రోజు అందరికన్నా సంతోషంగా ఇంటికెళ్ళింది తనే.

గౌతమిపాయ | సోమవారం, మధ్యాహ్నం 1:15

పంటురేవు గారూ, ఇది నాకు తట్టలేదండి. వాడికి నిజంగా చెయ్యడానికి ఏమీ లేకపోయింది. మిగతా ముగ్గురూ పోరాటంలో మునిగిపోయారు, నేను ఇనీషియేటివ్ (ఎవరి తర్వాత ఎవరి టర్న్) లెక్కలో ఉన్నాను. మధ్యలో మా అమ్మ టీ తెచ్చి, "నువ్వెందుకు ఆడట్లేదు బాబూ?" అంటే, "నేను చచ్చిపోయానండి" అన్నాడు.

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 9:40

నా సంగతి చెప్తాను. రెండేళ్ళ క్రితం వేరే గ్రూపులో ఆడేదాన్ని. మాది పాలకొల్లు, అది ఏ ఊళ్ళోనో చెప్పను. నా క్యారెక్టర్ ముసలి మంత్రగత్తె. ఊరివాళ్ళని పడవ ఎక్కించడానికి వంతెన మీద ఒక్కతే నిలబడి చచ్చిపోయింది. అలా జరగాలని నేనే కోరుకున్నాను. ఆ చావు ఆ ముసలామెకి సరిగ్గా అమిరింది. ఇంటికొచ్చి ఆమె చివరి మాటలు నోటుబుక్‌లో రాసుకున్నాను.

వారం తిరిగేసరికి మా డీఎం పెద్ద వేడుక చేసి, దేవత దిగొచ్చినట్టు చెప్పి, ఆమెని లేపేశాడు. నాకు బహుమతి ఇస్తున్నాననుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకేమో ఎవరో నా నోటుబుక్ లాక్కుని ఆఖరి పేజీ చింపేసినట్టయింది. రెండు సెషన్లు ఆడి మానేశాను.

తర్వాత రూల్సు తీసి చూస్తే, రెయిజ్ డెడ్‌లో స్పష్టంగా ఉంది: ఆత్మకి ఇష్టం ఉంటేనే తిరిగొస్తుంది. ఆ ఇష్టం ఎవరిది? ప్లేయర్‌ది. అంటే ఆట రాసినవాళ్ళే ప్లేయర్‌ని అడగమన్నారు. సన్యాసి వస్తాడా రాడా అన్నది తర్వాత. ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఒంటరిగా, మొహమాటం లేకుండా అడగండి. అందరి ముందూ అడిగితే అందరికీ నచ్చే జవాబే చెప్తాడు.

కోటగుమ్మం | సోమవారం, రాత్రి 10:55

కొబ్బరాకు గారు చెప్పింది మొదటి మెట్టు. నేను రెండోదాని గురించి చెప్తాను: ఖరీదు.

మాది రాజమండ్రి. నన్నయ గారు ఇక్కడే కూర్చుని తెలుగు చేసిన ఆదిపర్వంలో రురుడి కథ ఉంది. పెళ్ళి కావలసిన ప్రమద్వరని పాము కరిచి చంపింది. రురుడు ఏడిస్తే దేవదూత వచ్చి, నీ ఆయుష్షులో సగం ఇస్తే బతుకుతుంది అన్నాడు. ఇచ్చాడు, ఆమె లేచింది. కచుడి కథ చూసినా అంతే. మూడోసారి రాక్షసులు కచుణ్ణి కాల్చి బూడిద చేసి కల్లులో కలిపి శుక్రుడి చేతే తాగించారు. కచుణ్ణి లేపితే శుక్రుడి పొట్ట చీల్చుకుని రావాలి. అంటే లేపేవాడు చావాలి. అందుకే కడుపులో ఉన్నవాడికి మంత్రం నేర్పి, బయటికొచ్చాక తనని లేపమన్నాడు.

మన కథల్లో చచ్చినవాళ్ళు తిరిగి రాకపోవడం లేదు. ఊరికే మాత్రం రారు, ప్రేమించేవాళ్ళెవరో చెల్లిస్తారు. మీ సన్యాసి కథలో లోపం ఆయన రావడం కాదు, ఏమీ అడగకుండా వెళ్ళిపోవడం. ఆయన మళ్ళీ రావచ్చు కదా? ఆ రోజు లేపిన ప్రాణానికి బాకీ ఇంకా ఉందని ఫైటర్‌నే అడగొచ్చు కదా?

ఇరవైముఖాలు | సోమవారం, రాత్రి 11:30

ఈ ఆలోచన బాగుంది, కానీ జాగ్రత్తండి. ఫైటర్ ప్లేయర్‌కి అప్పుడు ఖరీదు ఉందని ఎవరూ చెప్పలేదు. మూడు నెలల తర్వాత బిల్లు చేతిలో పెడితే అదీ అన్యాయమే. తను ఒప్పుకుంటేనే చెయ్యాలి. ఒప్పుకున్నా ఎంతకాలం, ఎంత అన్నది ముందే తేలాలి. ఆయుష్షులో సగం అంటే ఆటలో ఏంటి? హిట్ డైస్ (విశ్రాంతిలో గాయాలు మాన్పుకోవడానికి వేసే పాచికలు) సగం అనుకుంటే ఐదో లెవెల్లో ఐదుంటాయి, రెండు పోతాయి. తర్వాతి లెవెల్ దాకా అంటే ఓర్చుకోవచ్చు, శాశ్వతంగా అంటే ఆ ప్లేయర్ ప్రతి ఆదివారం మనసులో కుములుతాడు.

వజ్రాల గురించి కూడా ఆలోచించండి. 300 నాణేలు మూడో లెవెల్ వాళ్ళకి పెద్ద మొత్తం, పదో లెవెల్ వాళ్ళకి చిల్లర. రూల్సులో ఉన్న ధర ఎప్పటికీ అంతే, సంచి మాత్రం బరువెక్కుతుంది. కాబట్టి ధర కన్నా దొరకడం ముఖ్యం.

డెల్టాచివర | మంగళవారం, ఉదయం 7:10

దొరకడం అన్నారు కాబట్టి చెప్తున్నా. మా క్యాంపెయిన్ ప్రపంచం మన డెల్టా లాంటిదే: పాయలు, లంకలు, మడ అడవులు, అంతర్వేది లాంటి ఒక సాగరసంగమం. అక్కడ ఒక్క వజ్రం కూడా పుట్టదని మొదటి రోజే చెప్పేశాను. మన ఒండ్రుమట్టిలో వజ్రాలెక్కడివి? కొల్లూరు గని కృష్ణ ఒడ్డున కదా. ఆటలో కూడా వజ్రం కావాలంటే ఎగువకి వెళ్ళాలి, పడవ మాట్లాడాలి, చచ్చిన పది రోజుల లోపలే రెయిజ్ డెడ్ వెయ్యాలి కాబట్టి ఆ గడువులో తిరిగి రావాలి. శవాన్ని ఉప్పులో పెట్టి తీసుకెళ్ళారు ఒకసారి. ఆ ప్రయాణం మాకు నాలుగు సెషన్లు పట్టింది. చివరికి దేవాలయం చేరేసరికి తొమ్మిదో రోజు. అంత టెన్షన్ నేను ఏ పోరాటంలోనూ చూడలేదు.

లంకగట్టు | మంగళవారం, ఉదయం 7:45

ఇదైతే నాకు సమ్మతమే. కష్టపడి తెచ్చుకుంటే కాదనను. ఊరికే వస్తేనే నాకు అభ్యంతరం.

పంటురేవు | మంగళవారం, ఉదయం 8:20

పాలడిన్ ఉన్నాడు కదా, వాళ్ళ దగ్గర రివివిఫై స్క్రోల్ (చదివితే మంత్రం పనిచేసే కాగితపు చుట్ట) ఒకటి ఉండుంటే ఈ గొడవే లేదు. ఆ మంత్రం పాలడిన్ జాబితాలో ఉంది. తన లెవెల్‌కి పెద్దదే అయినా పాచిక వేసి 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెచ్చుకుంటే చదవొచ్చు. ఒకే మనిషి చేతిలో అందరి ప్రాణాలూ పెట్టుకున్న పార్టీకి డీఎం అలాంటిదొకటి ముందే దొరికేలా చూడాలి. వాడుకోవడం, మర్చిపోవడం వాళ్ళిష్టం.

కొత్తపేటకుర్రాడు | మంగళవారం, సాయంత్రం 6:00

నాదొక సందేహం. డీఎం తెర వెనక పాచిక వేసి, చచ్చేలా ఉంటే అంకె మార్చేస్తే సరిపోదా? మా డీఎం అలాగే చేస్తాడని మాకు అనుమానం.

ఇరవైముఖాలు | మంగళవారం, సాయంత్రం 6:25

ఆ అనుమానం వచ్చిందంటేనే నష్టం జరిగిపోయింది తమ్ముడూ. ఒకసారి అంకె మారుస్తాడని తెలిశాక, ఎవరు బతికినా డీఎం బతికించినట్టు, ఎవరు చచ్చినా డీఎం చంపినట్టు. ఇక్కడి గొడవా అదే కదా. చావుబతుకుల పాచిక బల్ల మధ్యలో, అందరూ చూస్తుండగా వెయ్యాలి. దయ చూపాలనిపిస్తే పాచిక వెయ్యకముందే చూపించాలి: ఘౌల్‌ని ఒక రౌండ్ ఆపొచ్చు, శవాన్ని ఈడ్చుకెళ్ళేలా చెయ్యొచ్చు. వేశాక మాత్రం పడిందే లెక్క.

కొబ్బరాకు | మంగళవారం, రాత్రి 9:15

దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకొకటి, ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. పడి లేచిన ప్రతిసారీ 'గాయపడ్డాడు' అన్న గుర్తు ఒకటి పెరుగుతుంది, మళ్ళీ పడితే చావుకి అంత దగ్గరగా మొదలవుతాడు. చావు ఒక్కసారిగా మీద పడదు, మెట్టు మెట్టుగా దగ్గరవుతూ కనిపిస్తుంది. అందరికీ తెలుస్తుంది: "ఈసారి పడితే కష్టం, వెనక్కి పోదాం" అని. ఐదో ఎడిషన్‌లో ఒక్క పాయింటు వైద్యంతో లేచి, పడి, లేచి, అలవాటైపోయి, చివరికి నిజంగా చచ్చినప్పుడు ఎవరూ సిద్ధంగా ఉండరు. మీ పిల్లాడికి జరిగింది అదేననుకుంటాను.

గౌతమిపాయ | బుధవారం, రాత్రి 10:30

వాడికి ఫోన్ చేశానండి. కొబ్బరాకు గారు చెప్పినట్టు ఒంటరిగా.

ముందు నా తప్పు ఒప్పుకున్నాను. సన్యాసిని నా స్నేహితుడి కోసమే తెచ్చానని, ఎవరికైనా అదే పద్ధతి అని ముందే చెప్పుకోవాల్సిందని అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చావడం నాకు బాధ కాదన్నా, ఘౌల్ అంటే కొరుకుతుంది కదా. కానీ నేను ప్రతి వారం దూరం నుంచి వస్తాను, నేను కొత్తవాణ్ణి, అందుకే నాకు రాలేదేమో అనుకున్నా" అన్నాడు. ఆ మాటకి నాకు గొంతు పట్టేసింది.

తిరిగి రావాలని ఉందా అని అడిగితే తెలీదన్నాడు. వాడి క్లెరిక్‌ది నదీదేవత మతం. చచ్చాక ఆ దేవత దగ్గరికి వెళ్ళడమే తన జీవితమంతా కోరుకున్నది అని మొదటి సెషన్‌లోనే రాశాడట. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. నేను చదివి మర్చిపోయాను.

నా స్నేహితుడితో కూడా మాట్లాడాను. ఇరవైముఖాలు గారన్నట్టు బలవంతం లేదని ముందే చెప్పాను. "మూడు నెలలుగా నాకూ ఏదోలా ఉందిరా, నువ్వు నన్ను చూసి లేపావని అందరికీ తెలుసు. ఏదైనా ఇచ్చుకుంటే తేలిగ్గా ఉంటుంది" అన్నాడు.

కోటగుమ్మం | బుధవారం, రాత్రి 11:02

శవం మిగిలిందా? రెయిజ్ డెడ్‌కి తల, గుండె లాంటివి లేకపోతే మంత్రం పనిచెయ్యదు. ఘౌల్ ఎంత తిన్నదో ఇంకా చెప్పి ఉండకపోతే తేల్చేముందు ఆలోచించండి.

గౌతమిపాయ | బుధవారం, రాత్రి 11:08

భుజం మాత్రమే అని చెప్పాను. అదృష్టం.

గౌతమిపాయ | ఆదివారం, రాత్రి 8:50

ఇవాళ్టి సెషన్ గురించి రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు అరగంట ఆట ఆపి మాట్లాడుకున్నాం. ఇకపై చావు పాచికలన్నీ బల్ల మధ్యలోనే. పడ్డవాణ్ణి కొరికే జంతువైతే ముందే చెప్తాను. ఎవరు పోయినా లేపే ముందు వాళ్ళని విడిగా అడుగుతాను. ఖర్చు ఎవరికైనా ఒకటే. పాలడిన్ ఆడే అమ్మాయి "మరి పార్టీ మొత్తం చస్తే?" అని అడిగింది. దానికి ఇంకా జవాబు లేదు, వచ్చే నెల చూద్దామన్నాను.

తర్వాత సన్యాసి వచ్చాడు. కమండలం ఖాళీగా ఉంది. "నువ్వు తాగిన నీళ్ళు వేరొకరివి" అని ఫైటర్‌తో అన్నాడు. నా స్నేహితుడు ఏమీ మాట్లాడకుండా షీట్ మీద రెండు హిట్ డైస్ కొట్టేసి, ఆ షీట్ బల్ల మీద పిల్లాడి వైపు జరిపాడు. తర్వాతి లెవెల్ దాకా. ఎగువన ఉన్న గుడిలో రెయిజ్ డెడ్ వెయ్యగల తొమ్మిదో లెవెల్ పూజారి ఒకడున్నాడని సన్యాసి చెప్పాడు. 500 నాణేల వజ్రం కావాలి, వాళ్ళ దగ్గరున్నది 300ది. పది రోజుల గడువులో రెండు రోజులు అయిపోయాయి. రోజులు లెక్కపెట్టడానికి పది కొబ్బరి పుల్లలు బల్ల మీద పెట్టి, రెండు విరిచాను.

పిల్లాడు పడవవాణ్ణి ఆడాడు. పంటురేవు గారి సలహానే. ప్రతి ఆదివారం గోదారి దాటేవాడు కదా, సుడి ఎక్కడుంటుంది, ఇసుకమేట ఎక్కడ తగులుతుంది, గెడ ఎప్పుడు వెయ్యాలి అన్నీ వాడే చెప్పాడు. మిగతావాళ్ళు వాణ్ణి అడిగి నడిచారు. తన శవాన్ని తనే పడవలో మోసుకెళ్ళాడు.

వెళ్ళేముందు ఒక చీటీ మడిచి నా చేతికిచ్చాడు. క్లెరిక్ తిరిగొస్తాడో రాడో అందులో రాశాడట. "గుడి చేరాక, మంత్రం వేశాకే విప్పు అన్నా, నువ్వు కూడా చూడకు" అన్నాడు. పాచికల డబ్బాలో పెట్టాను.

కొబ్బరాకు | ఆదివారం, రాత్రి 9:10

విప్పలేదు కదా?

గౌతమిపాయ | ఆదివారం, రాత్రి 9:12

లేదండి. డబ్బా మా అమ్మ దగ్గర పెట్టాను.

లంకగట్టు | ఆదివారం, రాత్రి 9:40

వాడు రానని రాసి ఉంటే, పడవవాడికి ఒక పేరు పెట్టి షీట్ తయారుచేసి ఉంచండి. ఐదో లెవెల్లోనే. ఒకటి నుంచి మొదలుపెట్టించకండి.

గౌతమిపాయ | శనివారం, సాయంత్రం 5:30

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, నీళ్ళు 11.75 అడుగులు దాటాయి. కోటిపల్లి రేవులో పంటు ఆపేశారు. పిల్లాడు రాలేడు కాబట్టి రేపు సెషన్ లేదు. మిగతా ముగ్గురూ వీడియో కాల్‌లో ఆడదామన్నారు గానీ, పడవ నడిపేవాడు లేకుండా పుల్ల విరవనని చెప్పాను.